బీరువాలో రెండు పుస్తకాలు - జస్టిస్ కోకా సుబ్బారావు

క్రెడిట్లు లేని సబ్జెక్టుకి మనం ఎంత గౌరవం ఇస్తామో మీకు నేను చెప్పక్కర్లేదు. థర్డ్ ఇయర్‌లో మాకు భారత రాజ్యాంగం అని ఒక మాండేటరీ కోర్సు పడింది. మార్కులు సీజీపీఏలో కలవవు, పాస్ కాకపోతే మాత్రం డిగ్రీ రాదు. శుక్రవారం లాస్ట్ పీరియడ్. సగం క్లాసు ఊళ్లకి బస్సెక్కే తొందరలో ఉంటుంది. అలాంటి క్లాసులో ప్రెజెంటేషన్ ఇవ్వమని నా రోల్ నంబరుకి వచ్చిన టాపిక్ అధికారాల విభజన, సమాఖ్య వ్యవస్థ.

నేను చేసిన స్లైడ్లు ఎలా ఉన్నాయంటే, మూడు డబ్బాలు గీసి ఒకదాంట్లో శాసన శాఖ, ఒకదాంట్లో కార్యనిర్వాహక శాఖ, ఒకదాంట్లో న్యాయ శాఖ అని రాశా. కింద ఇంకో రెండు డబ్బాలు, కేంద్రం, రాష్ట్రం. మధ్యలో బాణాలు. మా లెక్చరర్ గారు ముందుగా చూసి, ఇది సర్క్యూట్ డయాగ్రమా రాజ్యాంగమా అని అడిగారు. డబ్బాలు తీసేసి ఈ గోడల మధ్య బతికిన ఒక మనిషిని పట్టుకుని చెప్పు, తెలుగువాడే ఉన్నాడు చూడు అన్నారు. అలా దొరికారు కోకా సుబ్బారావు గారు.

అదే వారం ఇంట్లో ఇంకో పని జరుగుతోంది. ఎమ్మెస్ ఆలోచన ఉంది కాబట్టి పాస్‌పోర్టుకి అప్లై చేశా. అడ్రస్ ప్రూఫ్ కోసం నాన్న బీరువా తీస్తే అందులో నుంచి ముందు బయటికొచ్చింది ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పట్టాదారు పాసుపుస్తకం. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. తాతయ్య ఒక ఆసామి దగ్గర పాలేరు. 1970లలో ల్యాండ్ సీలింగులో మిగులు భూమి పంచినప్పుడు ఆయనకి ఎకరం వచ్చింది. మా ఇంట్లో సొంతం అని చెప్పుకునే మొదటి వస్తువు ఆ ఎకరమే. ఈ సంగతికీ సుబ్బారావు గారికీ సంబంధం ఉందని అప్పటికి నాకు తెలియదు. తెలిశాక ప్రెజెంటేషన్ రెండుసార్లు మార్చాను.

సుబ్బారావు గారు 1902 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ, మద్రాసులో లా చదివారు. అప్పట్లో మన వాళ్లకి హైకోర్టు అంటే మద్రాసే. మామగారు పాకాల వెంకటరమణారావు నాయుడు గారి ఆఫీసులో జూనియర్‌గా చేరారు. ఆయన హైకోర్టు జడ్జి అయ్యాక బావమరిది రాజమన్నారుతో కలిసి ప్రాక్టీసు నడిపారు. ఈ బావమరిది గురించి మన క్లబ్బు వాళ్లకి ఒక మాట చెప్పాలి. పి.వి. రాజమన్నారు గారు మద్రాసు హైకోర్టు చీఫ్ జస్టిస్ అయ్యారు, సంగీత నాటక అకాడమీకి మొదటి అధ్యక్షుడు, అదీకాక తెలుగు నాటక రచయిత. తప్పెవరిది అనే నాటకం ఆయనదే. రోజంతా తప్పెవరిదో తేల్చే ఉద్యోగంలో ఉన్నాయన నాటకానికీ అదే పేరు పెట్టుకున్నారు చూడండి. కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద 1969లో తమిళనాడు ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన పేరు మీదే ఉంది, రాజమన్నారు కమిటీ. రాష్ట్రాలకి ఇంకా ఎక్కువ అధికారాలు ఉండాలని 1971లో అది నివేదిక ఇచ్చింది. అంటే బావా బావమరుదులు ఇద్దరూ ఢిల్లీకి రాష్ట్రాలకి మధ్య గీత ఎక్కడ గీయాలి అనే ప్రశ్న దగ్గరకే వచ్చారు. ఒకరు తీర్పుతో, ఒకరు నివేదికతో.

1948లో సుబ్బారావు గారు మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరు. కోస్తాకీ సీమకీ మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక నీడ ఆ పంపకం మీద ఉంది. కొత్త రాష్ట్రానికి కొత్త హైకోర్టు కట్టుకోవాలి. కట్టుకోవడం అంటే బిల్డింగ్ ఒక్కటే కాదు. రికార్డులు మద్రాసు నుంచి రావాలి, సిబ్బంది రావాలి, పెండింగు కేసులు పంచుకోవాలి. ఆ పని చూసే స్పెషల్ ఆఫీసరుగా సుబ్బారావు గారిని వేశారు. 1954 జులై 5న గుంటూరులో హైకోర్టు మొదలైంది, ఆయనే మొదటి చీఫ్ జస్టిస్. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కోర్టు హైదరాబాదుకి వెళ్లింది. మళ్లీ 2019లో గుంటూరు జిల్లాకే, అమరావతికి వచ్చింది. మా నాన్న తరం వాళ్లకి గుంటూరులో ఒకప్పుడు హైకోర్టు ఉండేదనే సంగతి కథలా వినడమే.

ఈ ముక్క నేను ఎందుకు సాగదీశానంటే, రాష్ట్రం అంటే పుస్తకంలో డబ్బా కాదని ఆయనకి చేతి పనిగా తెలుసు. ఒక రాష్ట్రం ఫైళ్ల దగ్గర నుంచి ఎలా నిలబడుతుందో దగ్గరుండి చూసిన మనిషి. తర్వాత ఆయన ఢిల్లీలో రాసిన తీర్పు చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది. ఇది నా ఊహే అనుకోండి.

1958 జనవరి 31న సుప్రీంకోర్టుకి వెళ్లారు. అక్కడ ఆయన రాసిన తీర్పుల్లో మీకు సినిమా ద్వారా తెలిసింది ఒకటుంది. నానావతి కేసు. రుస్తుం సినిమాలో హీరో విడుదలైపోతాడు కానీ అసలు కేసులో 1961లో సుప్రీంకోర్టు శిక్ష ఖాయం చేసింది, ఆ తీర్పు రాసింది ఈయనే. అది పక్కన పెడదాం. నా టాపిక్‌కి కావలసింది 1962 డిసెంబరులో ఒక వారం.

అప్పుడు దేశం ఎలా ఉందంటే, చైనాతో యుద్ధం ఆగి నెల అయింది. అక్టోబరులో పెట్టిన ఎమర్జెన్సీ అలాగే ఉంది. దేశమంతా ఢిల్లీ వెనక నిలబడాలి అనే వాతావరణం. ఆ వారంలో సుప్రీంకోర్టు రెండు తీర్పులు ఇచ్చింది, రెండు బెంచీల్లోనూ ఆరుగురు జడ్జీలు. రెండింట్లోనూ సుబ్బారావు గారు మెజారిటీతో కలవలేదు.

డిసెంబరు 18న వచ్చింది ఖరక్ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్‌లో 1941లో ఒక బందిపోటు కేసులో ఇతన్ని పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. కానీ పోలీసులు మాత్రం వదల్లేదు. హిస్టరీ షీటు తెరిచి, ఇంటి చుట్టూ నిఘా పెట్టి, రాత్రుళ్లు వచ్చి తలుపు కొట్టి ఉన్నాడా లేడా అని చూసుకునేవారు. ఊరు దాటితే చెప్పి వెళ్లాలి. దీనికి ఆధారం అసెంబ్లీ చేసిన చట్టం కాదు, పోలీసుల సొంత నిబంధనలు. మెజారిటీ జడ్జీలు రాత్రి తలుపు కొట్టడం వరకు కొట్టేశారు, మిగతా నిఘాని ఉండనిచ్చారు, గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదన్నారు. సుబ్బారావు గారు, జస్టిస్ షా గారు ఒప్పుకోలేదు. నీడలా ఒకడు వెంట తిరుగుతుంటే ఆ మనిషి కాళ్లకి గొలుసు లేకపోయినా స్వేచ్ఛ ఉన్నట్టు కాదని, మొత్తం నిబంధనే చెల్లదని సుబ్బారావు గారి వాదన సారం. 4-2తో ఓడిపోయారు. 55 ఏళ్ల తర్వాత 2017 ఆగస్టులో తొమ్మిదిమంది జడ్జీలు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కే అని తేల్చినప్పుడు, ఒప్పు అన్నది ఆ ఇద్దరి వైపే. ఆధార్ మీద క్యాంటీన్లో వాదించుకునేటప్పుడు మనం వాడే హక్కు ఇది.

మూడు రోజులకి, డిసెంబరు 21న పశ్చిమ బెంగాల్ కేసు. ఇది సమాఖ్య గొడవ. బొగ్గు ఉన్న భూముల్ని తీసుకునేందుకు పార్లమెంటు 1957లో ఒక చట్టం చేసింది. ఆ చట్టం కింద బెంగాల్ ప్రభుత్వానికి చెందిన బొగ్గు భూముల్ని కేంద్రం తీసుకోబోతే రాష్ట్రం నేరుగా సుప్రీంకోర్టులో దావా వేసింది. ఒక రాష్ట్రం ఆస్తిని రాష్ట్రం ఒప్పుకోకుండా కేంద్రం తీసుకోవచ్చా అన్నది ప్రశ్న. ఐదుగురు తీసుకోవచ్చు అన్నారు. మన రాజ్యాంగం పూర్తి అర్థంలో సమాఖ్య కాదు, రాష్ట్రాల సరిహద్దుల్నే పార్లమెంటు మార్చగలదు కదా, ఇక వాటికి సార్వభౌమాధికారం ఎక్కడిది అని వాళ్ల దారి.

ఒక్కరు కాదన్నారు. రాజ్యాంగం అధికారాన్ని పంచింది, ఎవరి పరిధిలో వాళ్లు సమానులే, ఒకరి ఆస్తి ఇంకొకరు సేకరణ పేరుతో లాక్కోవడానికి ఆ పంపకంలో చోటు లేదు అని ఆయన దారి. నేను క్లాసులో చెప్పిన పోలిక ఇది. అన్నదమ్ములు వాటాలు పంచుకున్నాక, కాగితం మీద పెద్దన్న పేరు ముందుంది కదా అని ఆయన వచ్చి తమ్ముడి వాటాలో చింతచెట్టు కొట్టుకుపోతానంటే కుదురుతుందా? మెజారిటీ వాళ్లు అసలు అది పంపకమే కాదు, పెద్దన్న ఇల్లు చూసుకోమని తమ్ముళ్లకి గదులు ఇచ్చాడు అన్నట్టు చూశారు. మన రెండు రాష్ట్రాల వాళ్లకి 2014 గుర్తుంది. ఏ వైపు నిలబడి చూసినా, గీత గీసింది పార్లమెంటే, అసెంబ్లీ అభిప్రాయం అడిగారు కానీ దానికి కట్టుబడాల్సిన పని లేదు. కాబట్టి మెజారిటీ వాళ్ల వాదనలో బలం లేదని నేను అనను. 1994లో బొమ్మై కేసులో సమాఖ్య స్వభావం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. గాలి కొంచెం ఆయన వైపు తిరిగింది, పూర్తిగా మాత్రం కాదు.

1966 జూన్ 30న ఆయన చీఫ్ జస్టిస్ ఆఫ్ ఇండియా అయ్యారు. పదవిలో ఉన్నది తొమ్మిది నెలల పైచిలుకు. మన ఒక అకడమిక్ ఇయర్ అంత. దాంట్లోనే గోలక్‌నాథ్ కేసు వచ్చింది.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, నా బీరువా గొడవ ఇక్కడే. పంజాబ్‌లో జలంధర్ దగ్గర గోలక్‌నాథ్ కుటుంబానికి 500 ఎకరాల పైన భూమి. 1953 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం అన్నదమ్ములు ఒక్కొక్కరు 30 ఎకరాలు ఉంచుకోవచ్చు, మిగతాది కౌలుదార్లకి కొంత, మిగులుగా కొంత పోతుంది. ఇలాంటి చట్టాలు ప్రాథమిక హక్కులకి విరుద్ధమని కోర్టులు కొట్టేయకుండా పార్లమెంటు ఒక ఉపాయం పెట్టింది. 1951లో మొదటి సవరణతో తొమ్మిదో షెడ్యూలు అని ఒకటి చేర్చి, అందులో పేరెక్కిన చట్టాన్ని ప్రాథమిక హక్కుల పేరుతో ప్రశ్నించకూడదు అంది. 1964లో 17వ సవరణతో పంజాబ్ చట్టం కూడా అందులో చేరింది. గోలక్‌నాథ్ వాళ్లు అసలు ఆ సవరణే చెల్లదన్నారు. అంతకుముందు రెండుసార్లు, 1951లో, 1964లో, సుప్రీంకోర్టు పార్లమెంటుకి ప్రాథమిక హక్కుల్ని కూడా సవరించే అధికారం ఉందనే చెప్పింది. అందుకే ఈసారి 11 మంది కూర్చున్నారు.

1967 ఫిబ్రవరి 27న తీర్పు. 6-5. ప్రాథమిక హక్కుల్ని హరించే చట్టం చేయకూడదని 13వ అధికరణం చెప్తోంది, రాజ్యాంగ సవరణ కూడా చట్టమే, కాబట్టి ఇకమీదట పార్లమెంటు సవరణ పేరుతో కూడా ప్రాథమిక హక్కుల్ని తగ్గించలేదు అని ఆయన రాశారు. ఆయనతో నలుగురు కలిశారు, హిదయతుల్లా గారు విడిగా రాసి అదే చోటికి వచ్చారు. మూడు శాఖలూ రాజ్యాంగం కింద పనిచేసేవే, పార్లమెంటు కూడా దాని పైన కాదు, దాని కిందే అన్నది ఆ తీర్పు వెన్నెముక. నా మూడు డబ్బాల బొమ్మలో లేనిది అదే. నేను డబ్బాలు గీశా కానీ అవి గీసిన కాగితాన్ని మర్చిపోయా.

మరి 1951 నుంచి పంచిన భూములన్నీ ఏం కావాలి? సవరణలు చెల్లవంటే పదహారేళ్ల పంపకాలు తిరగబడతాయి. దీనికి ఆయన అమెరికా కోర్టుల్లో ఉన్న ఒక పద్ధతి తెచ్చారు. పాతవి పాతవే, కొత్త నియమం ఇవాళ్టి నుంచి. మనకి బాగా అర్థమయ్యే భాషలో చెప్తే కొత్త రెగ్యులేషన్ కొత్త బ్యాచ్‌కే, సీనియర్లకి పాత రెగ్యులేషనే. సీనియర్ల బ్యాక్‌లాగుల మీద చెయ్యి వేయకుండా సిలబస్ మార్చడం అన్నమాట. తెలివైన పని. కొందరు విమర్శకులకి మాత్రం ఇది కోర్టు శాసనసభ పని చేయడంలా కనిపించింది. ఏ తేదీ నుంచి నియమం అమల్లోకి రావాలో చెప్పడం చట్టం చేసేవాళ్ల పని కదా అని. అధికారాల విభజన కోసం రాసిన తీర్పులోనే ఆ విభజన గీత మీద కాలు పడిందా? నాకు పడిందనే అనిపిస్తుంది. కాలు పెట్టకపోతే లక్షల కుటుంబాలు వీధిన పడేవని కూడా అనిపిస్తుంది.

ఇక మా ఎకరం. మన రాష్ట్రం భూసంస్కరణల చట్టం 1973ది. అంటే గోలక్‌నాథ్ లెక్కలో కొత్త బ్యాచ్. 1974లో 34వ సవరణతో దాన్ని తొమ్మిదో షెడ్యూలులో పెట్టారు. సుబ్బారావు గారి తీర్పు అలాగే నిలిచి ఉంటే ఆ తాళం పడేది కాదు. భూసంస్కరణలకి 31-ఏ అధికరణం అనే ఇంకో గొడుగు ఉంది కాబట్టి పొలం పోయేదే అని నేను చెప్పలేను. కానీ ఆసామి వకీలుకి ఇంకో తలుపు తెరిచి ఉండేది. తాతయ్యకి వకీలు లేడు. ఆ తలుపు తెరిచి ఉంటే ఏం జరిగేదో ఆయన సంతకం రాని వేలిముద్రని చూస్తే ఎవరైనా చెప్తారు.

నేను ఈ సంగతి నాయనమ్మకి చెప్పాను. పెద్ద జడ్జి గారంట, రాజమండ్రి ఆయనంట, పోలీసులు రాత్రిపూట ఇళ్లకి రాకూడదన్నాడంట, కానీ మన భూమికి తాళం వద్దన్నాడంట అని. ఆవిడ కాసేపు ఆలోచించి, ఆయనకి మనం కనపడి ఉండం అంది. అంతకంటే పెద్ద విమర్శ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆస్తి హక్కునీ మాట్లాడే హక్కునీ ఒకే గంపలో పెట్టి కాపాడాలని ఆయన అనుకున్నారు. ఒకటి తగ్గించనిస్తే రేపు రెండోది తగ్గిస్తారన్న భయం. ఆ భయం నిజమేనని ఎనిమిదేళ్లకే తేలింది. కానీ 500 ఎకరాలవాడి హక్కూ తలుపు కొట్టించుకునే ఖరక్ సింగ్ హక్కూ ఒకటేనా అన్న ప్రశ్నకి ఆ తీర్పులో నాకు జవాబు దొరకలేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అరవై అయిదేళ్లు నిండడానికి ఇంకా మూడు నెలలు ఉండగా, 1967 ఏప్రిల్ 11న చీఫ్ జస్టిస్ పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికకి నిలబడ్డారు. పార్లమెంటుకి గోడ కట్టిన తీర్పు వచ్చి అప్పటికి ఆరు వారాలు. గోడకి ఇటువైపు నుంచి అటువైపుకి అంత తొందరగా వెళ్తే, గోడ ఎందుకు కట్టారో అని జనం అనుకోరా? చాలామంది అదే అన్నారు. ఆయన వైపు నుంచి చూస్తే, ఆ ఏడాది ఎన్నికల్లో చాలా రాష్ట్రాల్లో కాంగ్రెస్ ఓడిపోయింది, రాష్ట్రాల్లో ఒక పార్టీ కేంద్రంలో ఒక పార్టీ అనే పరిస్థితి వచ్చింది, అలాంటప్పుడు రాష్ట్రపతి భవన్లో రాజ్యాంగం తెలిసినవాడు ఉండాలని అనుకుని ఉండొచ్చు. మే 6న పోలింగ్. జాకిర్ హుస్సేన్ గారికి 4,71,244, సుబ్బారావు గారికి 3,63,971. ఇవి మనుషుల లెక్క కాదు, ఎంపీలు, ఎమ్మెల్యేల ఓట్ల విలువ. ఓడిపోయారు కానీ అప్పటిదాకా రాష్ట్రపతి ఎన్నికల్లో ఇంత పోటీ ఎవరూ చూడలేదు. గెలిచిన జాకిర్ హుస్సేన్ గారు మన హైదరాబాదులో పుట్టినవారే, అది వేరే కథ.

అయితే రాజీనామాకి ముందురోజు, ఏప్రిల్ 10న, ఆయన ఒక తీర్పు ఇచ్చి వెళ్లారు. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి పాస్‌పోర్టులు వెనక్కి ఇచ్చేయమని ప్రభుత్వం అడిగింది. ఏ చట్టం కింద అంటే, చట్టమే లేదు. అప్పటివరకు మన దేశంలో పాస్‌పోర్టు ఇవ్వాలా వద్దా, లాక్కోవాలా అన్నది పూర్తిగా ప్రభుత్వం ఇష్టం. ఇస్తే దయ, ఇవ్వకపోతే మీ ఖర్మ. 3-2తో సుబ్బారావు గారి బెంచి ఏమందంటే, విదేశాలకి వెళ్లడం కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమే, చట్టం లేకుండా దాన్ని ఆపే అధికారం ప్రభుత్వానికి లేదు, ఆపాలనుకుంటే ముందు చట్టం చేసుకోండి అని. రెండున్నర నెలల్లో, జూన్ 24న, పాస్‌పోర్టుల చట్టం 1967 అమల్లోకి వచ్చింది. అధికారాల విభజనకి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ నాకు దొరకలేదు. కోర్టు తానే రూల్స్ రాయలేదు. అధికారి ఇష్టం చెల్లదంది. పార్లమెంటు చట్టం చేసింది. ఎవరి పని వాళ్లు చేశారు. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో వ్యక్తి స్వేచ్ఛకి కోర్టు ఇంకా పెద్ద అర్థం ఇచ్చింది కూడా ఈ చట్టం మీద నడిచిన గొడవలోనే. మన బ్యాచ్‌లో స్లాట్ బుక్ చేసుకుని పాస్‌పోర్టు సేవా కేంద్రం ముందు ఫైలు పట్టుకుని నిలబడ్డ వాళ్లందరి వెనకా ఆ ఏప్రిల్ 10 ఉంది.

తర్వాతి కథ మీరు సిలబస్‌లో చదివేదే. 1971లో 24వ సవరణ తెచ్చి పార్లమెంటు గోలక్‌నాథ్ గోడని దాటింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జీలు కూర్చుని గోలక్‌నాథ్‌ని తోసిపుచ్చారు, ప్రాథమిక హక్కుల్ని కూడా సవరించుకోవచ్చన్నారు, కానీ మౌలిక స్వరూపాన్ని ముట్టుకోకూడదని 7-6తో అన్నారు. ఆ బెంచికి పెద్ద సిక్రీ గారు. 1967లో సుబ్బారావు గారితో కలిసిన నలుగురిలో ఆయన ఒకరు. గోడ స్థలం మారింది కానీ గోడ కావాలన్న మాట మారలేదు. మా ఎకరానికి తాళం పడిందీ ఈ మార్పు వల్లే. తాతయ్యకి భూమీ దక్కింది, పార్లమెంటుకి హద్దూ మిగిలింది. 1967లోనే ఈ మధ్య దారి ఆయనకి తట్టి ఉంటే బాగుండేది అని నేను క్లాసులో అన్నాను. ఆయన పాత గోడ కట్టకపోతే తర్వాతివాళ్లకి కొత్తది ఎక్కడ కట్టాలో తెలిసేదా అని మా లెక్చరర్ గారు అడిగారు. నా దగ్గర జవాబు లేదు, బెల్లు కొట్టారు.

1975 జూన్‌లో మళ్లీ ఎమర్జెన్సీ. 1976 ఏప్రిల్ 28న ఏడీఎం జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు 4-1తో, ఎమర్జెన్సీలో అక్రమంగా నిర్బంధించినా కోర్టుకి వచ్చి అడిగే దారి లేదని తీర్పు చెప్పింది. కాదన్నది ఖన్నా గారు ఒక్కరే. 1962 డిసెంబరులో బెంగాల్ కేసులో ఒక్కడిగా నిలబడ్డ సుబ్బారావు గారు అప్పటికి రిటైరై తొమ్మిదేళ్లు, వయసు 73. ఆ తీర్పు వచ్చిన ఎనిమిది రోజులకి, మే 6న, చనిపోయారు. రాష్ట్రపతి ఎన్నిక పోలింగు జరిగిన రోజుకి సరిగ్గా తొమ్మిదేళ్లు. ఎమర్జెన్సీ పోవడం ఆయన చూడలేదు.

మా ఇంటికి గత నెల వెరిఫికేషన్‌కి కానిస్టేబుల్ వచ్చాడు. పగలే వచ్చాడు, మర్యాదగానే మాట్లాడాడు, అయినా నాయనమ్మ వణికిపోయింది, పోలీసు గడప ఎక్కడం ఆవిడ లెక్కలో ఎప్పుడూ మంచికి కాదు. నా మీద ఏ కేసూ లేదని రెండుసార్లు తనే చెప్పింది. పది రోజులకి పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో వచ్చింది. నాన్న దాన్ని కవర్లో పెట్టి పాసుపుస్తకం పక్కన సర్దాడు. నాయనమ్మ బీరువాకి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది.